ఎవరి గుండె వాళ్లే తెచ్చుకోవాల

ఆ రోజు ఆస్పత్రి వరండాలో బెంచీల మీద కూచున్నోళ్లందరూ మగాళ్లే. పరీక్షేమో ఆడోళ్ల గుండెకి.

మొన్న చలికాలం మాట ఇది. బిలాస్‌పూర్లో మా రైల్వే కాలనీకి దగ్గిర్లోనే ఒక పెద్దాస్పత్రిలో, ఆడోళ్ల గుండెజబ్బు మీద పరిశోధన మొదలెట్టారు. నడివయసు దాటిన ఆడోళ్లు రండి, ఊరికే పరీక్ష చేస్తాం, మీ గుండె ఎలాగుందో మాకు తెలియాల అనీసి ఫోన్లు చేశారు. ఫోను ఎవరికెళ్తాది? మెడికల్ కార్డు మీదున్న నెంబరుకెళ్తాది. ఆ నెంబరు ఎవరిదుంటాది? ఇంటాయనది. ఆ ఇంటాయన ఏం చేశాడు? శుభ్రంగా గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా మీద స్వెట్టరేసుకుని, పెళ్లాం పాత మందుచీటీలు కవర్లో పెట్టుకుని తనే వచ్చీసి కూచున్నాడు. ఒకాయన కాదు, అందరూ అంతే. మా మావయ్య గూడ్సుబండి గార్డు చేసి రిటైరైన మనిషి, ముందు బెంచీలో డ్యూటీకెళ్లినోడిలాగ నిటారుగా కూచున్నాడు.

మీకు నవ్వొస్తంది గానీ మా కాలనీలో ఇది వింతేం కాదు. కార్డు మగాడిది, డిస్పెన్సరీకి వెళ్లీవోడు మగాడు. ఇంట్లో ఆవిడ వంటింట్లోంచే 'ఇక్కడ నొప్పిగుందండీ' అంటాది, ఈయన వెళ్లి డాక్టరుకి తన ఒంటిమీదే వేలెట్టి 'ఇక్కడ సార్, ఇక్కడ' అని చూపించి మాత్రలు తెస్తాడు. ఒకసారి మా పక్క క్వార్టర్ బాబాయి, పిన్నికి వచ్చిన నడుంనొప్పి చూపిద్దామని అక్కడే వంగి, తనే నడుం పట్టీసుకుని ఆటోలో ఇంటికొచ్చాడు. అలాంటి ఊరు మాది.

నేను అక్కడికెందుకెళ్లానంటే మావయ్యకి కంటి ఆపరేషనైంది, బండి నడపకూడదన్నారు. నా స్కూటీ వెనకాల కూచోబెట్టుకుని తీసుకెళ్లాను. దారిలో అడిగాను, "మావయ్యా, పరీక్ష అత్తకి కదా, మీరెందుకేటి?" అనీసి. "మీ అత్తకేం తెలుసే? హిందీలో అడుగుతారు, ఇంగ్లీషులో రాస్తారు. దాని ఒంటి సంగతి దానికన్నా నాకే బాగా తెలుసు" అన్నాడు. సరే అనీసి ఊరుకున్నాను. పెద్దాయనతో ట్రాఫిక్కులో వాదించలేం కదా.

కాసేపటికి డాక్టరమ్మ బైటికొచ్చింది. పొట్టిగా, నల్లగా, బేగి బేగి నడిచీ మనిషి. ఇక్కడి ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో పుట్టి చదువుకున్న పిల్ల. ఆ బెంచీల్ని చూసింది. మళ్లీ లోపలికెళ్లింది. మళ్లీ వచ్చి చూసింది, మగాళ్లు మారిపోతారేమో అన్నట్టు. తర్వాత మావయ్య దగ్గిరికొచ్చి హిందీలో అడిగింది, "అంకుల్, ఆంటీ ఎక్కడ?"

"ఇంట్లో ఉందండి. మీరేటి అడగాలో అడగండి, నేను చెప్తాను. రోజుకి ఎంత నడుస్తాది, ఎంత తింటాది, అన్నీ నాకు తెలుసు."

"అలాగా! మరి ఆంటీ గుండె మీ జేబులో పెట్టి తెచ్చారా?"

బెంచీలన్నీ ఒక్కసారి నవ్వేశాయి. తర్వాత ఎవరికి వాళ్లకి తమ జేబూ గుర్తొచ్చి నవ్వు ఆపీసుకున్నారు. మావయ్య నిజంగానే చొక్కా జేబు తడుముకున్నాడు, పాపం. డాక్టరమ్మ మాత్రం కసురుకోలేదు. అందరికీ టీ తెప్పించింది. టీ తాగుతున్నంతసేపూ నించునే చెప్పింది. "చూడండి, ఇన్నేళ్లూ గుండెజబ్బు మీద పరిశోధన చేసినప్పుడల్లా ఎక్కువగా మగాళ్లనే చూశారు. నొప్పి ఎక్కడొస్తాది, ఏ మందు ఎంతియ్యాల, చాలా మటుకు మీలాంటోళ్లని చూసి రాసిందే. ఆడోళ్లని పిలవరు. పిలిచినా రారు. వాళ్ల బదులు ఇదిగో, మీరొస్తారు. నేను చూడాల్సింది ఆంటీల గుండె. ఎవరి గుండె వాళ్లే తెచ్చుకోవాల. వెళ్లి పంపించండి."

ఇంటికొచ్చి ఇదంతా అత్తకి చెప్పాను. మా అత్తంటే మా నాన్నకి సొంత చెల్లెలు. మేనత్తే అత్తగారైంది, అంచేత నాకు భయం తక్కువ, చనువెక్కువ. నేను డాక్టరమ్మలాగ నడుం మీద చెయ్యేసుకుని "జేబులో పెట్టి తెచ్చారా?" అన్నానో లేదో, అత్త వంకాయలు తరుగుతున్న కత్తిపీట పక్కకి తోసీసి మరీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. చెయ్యి దవడ కింద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"ఏటైందత్తా?"

"ఏం లేదే. గ్యాస్."

ఈ గ్యాస్ సంగతి చెప్పాల. అంతకు ముందు ఏడాది అత్త ఒకసారి చెప్పింది, దవడ లాగుతంది, వీపు మధ్యన ఎవరో రాయి పెట్టినట్టుంటంది అనీసి. ఎప్పట్లాగే మావయ్య వెళ్లి చెప్పాడు. ఆ తర్వాత ఎవరో డాక్టరు రమ్మంటే అత్త వెళ్లింది, పడుకోబెట్టి ఈసీజీ, అదే గుండె పట్టీ, తీశారు. నార్మల్ అన్నారు. గ్యాస్ మాత్రలిచ్చారు. అంతే! ఇంట్లో అందరూ ఆ మాటే పట్టుకున్నారు. మావయ్య అత్తకి 'గ్యాస్ ఏజెన్సీ' అని పేరెట్టాడు. ఎవరైనా ఇంటికొస్తే "మాకు సిలిండర్ బుకింగ్ అక్కర్లేదండీ, ఇంట్లోనే ఏజెన్సీ ఉంది" అనీవాడు. మా ఆయనా నవ్వీవాడు, నేనూ నవ్వీదాన్ని. అత్త కూడా నవ్వీది. కానీ ఆ తర్వాత నొప్పి అన్న మాట ఆవిడ నోట్లోంచి మళ్లీ రాలేదు.

ఆ రోజు వంకాయల దగ్గిర నేను బతిమాలాను, పరీక్షకెళ్దాం రా అని. "రానే" అంది. ఎందుకంటే చెప్పదు. ఇంకాస్త గోకితే అంది, "మళ్లీ నార్మల్ అంటారు. అప్పుడు నేను చచ్చినా నొప్పి అనడానికుండదు. ఇప్పుడైతే మనసులోనైనా నొప్పి అనుకుంటన్నాను." ఆ మాట అన్నాక మళ్లీ వంకాయలు తరుక్కుంది.

మరుసటి రోజు పొద్దున్న నాకు జడేస్తూ తనే అడిగింది. "ఒసే, ఆ డాక్టరమ్మ మీ మావయ్యని నిజంగా అలాగ అడిగిందేటి? అందరి ముందునా?"

"నిజంగానే అత్తా. మావయ్య జేబు తడుముకున్నాడు కూడా."

"నలభై ఏళ్లనించి ఈయన నోరు నేను ముయ్యలేకపోయాను. ఆ పిల్లని ఒకసారి చూడాలే."

అలాగ బయల్దేరింది మా అత్త. గుండె కోసం కాదు, ఆ పిల్లని చూడ్డం కోసం. పైకి అలాగే అంది మరి.

మావయ్య నేనూ వస్తానని తయారయ్యాడు. ఆటోలో ముగ్గురం వెళ్లాం. లోపలికెళ్లగానే డాక్టరమ్మ లేచి నించుని, "రా దాయీ" అంది. దాయీ అంటే ఇక్కడోళ్ల మాటలో అమ్మ. అత్తకి అక్కడే సగం మనసు కరిగిపోయింది, నాకు తెలిసిపోయింది, ఎందుకంటే కొంగు సర్దుకుంది. "ఏటి బాధ?" అని అడిగింది డాక్టరమ్మ. "దీనికండీ, మామూలుగా గ్యాస్..." అని మావయ్య అందుకున్నాడు. డాక్టరమ్మ ఆయన వైపు చూడకుండానే ఒక వేలెత్తింది. స్కూల్లో టీచరెత్తినట్టు. మావయ్య నోరు అలాగే ఉండిపోయింది.

అత్త ముందు ఏం లేదమ్మా, ఏం లేదమ్మా అంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. బైట ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, అయినా చేతిలో పెన్ను కూడా కింద పెట్టీసి కూచుంది. "నొప్పి వద్దులే దాయీ. నువ్వు ఇంతకు ముందు చేసి ఇప్పుడు చెయ్యలేని పనేటి, అది చెప్పు" అంది. అలాగ అడిగీసరికి మా అత్త తనకొచ్చిన బజారు హిందీలోనే ఒకటొకటే తియ్యడం మొదలెట్టింది. నేను వింటూ ఉండిపోయాను. ఒకింట్లో ఉంటాం, ఒకే పొయ్యి దగ్గిర వండుతాం, నాకు ఒక్కటీ తెలీదు.

స్టేషన్ దగ్గిర ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కీటప్పుడు మధ్యలో ఆగి కిందికి చూస్తాదంట. "రైళ్లు చూస్తన్నానని అనుకుంటారమ్మా. గార్డు పెళ్లాన్ని కదా, ఎవరికీ అనుమానం రాదు." కూరల బజార్లో అందరికన్నా వెనకాల నడుస్తాదంట. ఊపిరాడనప్పుడల్లా ఏదో బండి దగ్గిర ఆగి రేటు అడుగుతాదంట. "కొనను. అడుగుతానంతే. వాడు చెప్పీలోపు తగ్గుతాది." పిండి కలిపీటప్పుడు దవడ లాగితే ఫ్రిజ్జు తలుపు తీసి అందులో ఏదో వెతుకుతున్నట్టు తల పెట్టీసి నించుంటాదంట. నేనెన్నిసార్లు "అత్తా, ఫ్రిజ్జు తెరిచి మర్చిపోయావ్" అని వెటకారం చేశానో!

మావయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు.

డాక్టరమ్మ అంతా విని, "దాయీ, నడిచీ మిషను మీద పరీక్ష చేద్దాం. పడుకున్నప్పుడు పట్టీ తీస్తే నీ గుండె కూడా పడుకునే ఉంటాది, ఏం చెప్తాది? పని చేస్తన్నప్పుడు చూడాల" అంది.

ఆ నడిచీ మిషను కథ ఇంకోటి. చీరతో ఎక్కకూడదు, కాళ్లకి అడ్డం పడతాది. చెప్పులతో ఎక్కకూడదు, జారిపోతాది. మర్నాడు నా సల్వార్ సూటు వేసుకుని, నా పాత కేన్వాసు బూట్లు తొడుక్కుని వచ్చింది మా అత్త. జన్మలో మొదటిసారి. ఆటోలో కొంగు లేదని చున్నీని చుట్టుకుంది గానీ మొహం మాత్రం దాచలేకపోయింది, సిగ్గూ సంబరమూ రెండూను. మావయ్య "ఏమే, కాలేజీకేటి?" అన్నాడు. "ఔనండీ, కోని దాకా వెళ్తన్నాను, అక్కడి యూనివర్సిటీకి. ఫీజు కట్టండి" అంది.

ఆ రోజు మా కాలనీ ఆడోళ్లు ఇంకొందరు వచ్చున్నారు, మొగుళ్లు తిరిగొచ్చి చెప్పిన మీదట. లోపల గదిలో ఆడోళ్లే ఉన్నారు, పరదా కట్టుంది, అంతా బాగుంది. కానీ నర్సమ్మ వైర్లు అంటించి, "ఆంటీ, మెళ్లోది తియ్యాల, నడిచీటప్పుడు ఊగి వైర్లకి తగిలితే గీతలు చెడిపోతాయి" అంది. అంతే, వరసలో ఉన్న మా పక్క క్వార్టర్ పిన్ని "ఓలమ్మో! పుస్తెలు తియ్యడమేటి? నేను పోతాను బాబూ" అనీసి సంచీ తీసుకుంది. వెనకాల ఇద్దరు కూడా లేచారు. నర్సమ్మకి అర్థం కాలేదు. డాక్టరమ్మకి తెలిసింది గానీ ఏటి చెయ్యాలో తోచలేదు. ప్లాస్టరుతో అంటిద్దామా అంటంది. గుండె పరీక్షకి గడప దాకా వచ్చినోళ్లు అక్కణ్నించే తిరిగెళ్లిపోతన్నారు.

మా అత్త నన్ను పిలిచింది. "ఒసే, ఎదురుగా కిరాణా కొట్టుంది కదా. ఖడీ హల్దీ అడుగు, పొడి కాదు, కొమ్ములు. దారం ఉండ కూడా తే. బేగి రా."

పరిగెట్టి తెచ్చాను. అత్త దారానికి తడి పసుపు రాసి, కొమ్ము కట్టి, మెడకి దగ్గిరగా, గొంతు కింద ఊగకుండా ముడేసుకుంది. తర్వాత పుస్తెలు తీసి కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టింది. పుస్తెలతాడు తెగినప్పుడు, మార్చుకున్నప్పుడు మనోళ్లు చేసీదే కదా, కొత్తేం కాదు. కొత్తేటంటే గుండె పరీక్ష గదిలో చెయ్యొచ్చని ఆవిడకి తోచడం. "ఏటలాగ చూస్తారు, మెడ ఖాళీగుందా? లేదు కదా. కూచోండి" అంది లేచినోళ్లతో. పిన్ని నెమ్మదిగా సంచీ కింద పెట్టింది. "నాకూ ఒక కొమ్ము కట్టొదినా" అంది.

డాక్టరమ్మ ఆ కొమ్ము పట్టుకుని చూసి, అత్త చెయ్యి పట్టుకుని, "దాయీ, ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు" అంది. అత్త తడుముకోకుండా, "నీకు తెలిసింది నాకూ ఎవరూ చెప్పలేదు కదమ్మా, చెల్లుకి చెల్లు" అంది. ఇప్పుడా గదిలో వైర్లకి రాసీ జిగురు డబ్బా పక్కన పసుపు కొమ్ముల గిన్నె ఉంటంది.

మిషను మీద అత్త మొదట బానే నడిచింది. కడ్డీ పట్టుకుని, నా వైపు చూసి నవ్వుతూ. పట్టా కాస్త ఎత్తు లేచింది, బేగి తిరగడం మొదలెట్టింది. అత్త నవ్వు తగ్గింది. పెదాలు బిగిసాయి. డాక్టరమ్మ తెరని కాదు, అత్త మొహాన్నే చూస్తంది. "దాయీ, ఏటవుతోంది? దాచకు. ఇక్కడ ఎవరూ నవ్వరు." అత్త ఇంకో నాలుగడుగులేసింది. తర్వాత, "దవడ" అంది. "వీపు. ఆపమ్మా." ఆపేశారు. కూచోబెట్టారు. తెర మీద గీతలు కిందికి జారాయని డాక్టరమ్మ చూపించింది. నాకేం అర్థం కాలేదు గానీ ఆవిడ మొహం చూసి చేతిలో పుస్తెలు గట్టిగా పట్టుకున్నాను.

అక్కడే ఆస్పత్రిలో చేర్చారు. చేతి మణికట్టు దగ్గిర్నించి సన్నటి గొట్టం పంపి గుండె నాళాల్ని సినిమాలాగ చూస్తారు కదా, మర్నాడు అది చేశారు. అది చేసినాయన వేరే పెద్ద డాక్టరు. ఆయన బైటికొచ్చి నవ్వుతూ చెప్పాడు, నాళాలన్నీ శుభ్రం, అడ్డమేం లేదు, టెన్షనో గ్యాసో అయ్యుంటాది, ఇంటికి తీసుకెళ్లొచ్చు అనీసి. ఆయన తప్పు కూడా కాదేమో, ఆయన చదువుకున్నది అలాగే ఉంది.

మావయ్య అయితే కుర్చీలోంచి ఎగిరాడు. నిజంగా భయపడ్డాడు ఆయన, నేను చూశాను, పొద్దున్నించీ మంచినీళ్లు కూడా తాగలేదు. ఆ భయమంతా దిగీసరికి ఫోన్ల మీద ఫోన్లు. "ఏం లేదురా, క్లియర్! మళ్లీ ఏజెన్సీ తెరిచాం!" అని నవ్వుతున్నాడు. ఆ మాటలు వార్డులోకి వినబడుతున్నాయి. నేను లోపలికెళ్తే అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవటం లేదు. ఏడ్చినా బాగుణ్ను. "చెప్పానా" అంది, తిరక్కుండానే. "ఇంక నువ్వు కూడా అడగొద్దు."

నాకు ఆ డాక్టరమ్మ మీద కోపమొచ్చింది. నోరు మూసుకుని ఊరుకున్నావిణ్ని కదిపి, నీ మాట నమ్ముతాం అని చెప్పించి, చివరికిదా? వెళ్లి అడిగీద్దామని లేచాను. ఆవిడే వచ్చింది. సాయంత్రం రౌండు ముగించుకుని, చెప్పులు విడిచి, మంచం చివర అత్త కాళ్ల దగ్గిర కూచుంది. ఫోను పట్టుకుని మావయ్య కూడా వచ్చాడు.

"దాయీ, ఇటు తిరుగు. నాళాలు బాగున్నాయన్నారు, నీకు నొప్పి లేదని ఎవరన్నారు?"

అత్త తిరిగింది.

"పెద్ద నాళాల్లో అడ్డం ఉంటే ఆ సినిమాలో కనబడతాది. మగాళ్లకి ఎక్కువగా అక్కడే వస్తాది, అంచేత అందరూ అక్కడే వెతుకుతారు. కానీ ఆ నాళాల్నించి సన్నసన్నవి బోలెడు గుండె లోపలికెళ్తాయి. అవి ఆ సినిమాలో కనబడవు. పని చేసినప్పుడు అవి సరిగా తెరుచుకోకపోతే గుండెకి రక్తం చాలదు. ఇది ఆడోళ్లలో ఎక్కువగా చూస్తన్నాం. నిన్న మిషను మీద నీ గీతలు జారిపోయాయి, నీ దవడ లాగింది. రెండూ ఒకేసారి. నాకు నీదీ అలాగే కనబడుతోంది. ఇది గ్యాస్ కాదు."

మావయ్యే మాట్లాడాడు, నెమ్మదిగా. "అంటే డాక్టరుగారూ... మెయిన్ లైన్ క్లియర్. యార్డులో బళ్లు కదలటం లేదు. అంతేనా?"

"అంతే అంకుల్!"

"యార్డు జామయితే మెయిన్ లైన్ ఎంత క్లియరుంటే ఏం లాభమండీ" అన్నాడు. సర్వీసంతా గూడ్సుబళ్లతో యార్డుల్లో పడిగాపులు పడ్డ మనిషి. ఆయనకి ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఫోను జేబులో పెట్టీశాడు. అది మళ్లీ మోగింది, ఎత్తలేదు.

అత్త లేచి కూచుంది. అడిగిన మాట నేను మర్చిపోలేను. "మరి దీనికి మందుందా అమ్మా? నాలాంటోళ్లకి ఏ మందు పనిచేస్తాదో ఎవరైనా చూశారా?"

ఇంకో డాక్టరైతే ఆ ఉంది ఉంది, వేసుకో అనీవారు. ఈవిడ అబద్ధం చెప్పలేదు. "మందులున్నాయి దాయీ. నొప్పి తగ్గడానికిస్తాను, చాలామందికి తగ్గుతాది కూడా. కానీ నీలాంటోళ్లకి అన్నిట్లో ఏది మంచిదో తేల్చి చెప్పీటంత మాకింకా తెలీదు. తెలియాలంటే నీలాంటోళ్లు చాలామంది, చాలా ఏళ్లు మాతో ఉండాల. ఆడోళ్లు ఒకసారొచ్చి మానేస్తారు. ఇంట్లో పెళ్లి, ఇంట్లో పురుడు, పిల్లల పరీక్షలు. అంచేతే తెలీలేదు."

"అయితే నన్నుంచుకోండి" అంది అత్త. "నాకు కుదరకపోయినా నా వెనక వచ్చీవోళ్లకి కుదురుతాది కదా. ఈ గుంట ఉంది, రేపు దీనికొస్తే?" నన్ను చూపించింది. నేను ఏడుస్తన్నానని నాకప్పుడే తెలిసింది.

అప్పట్నించీ పిలిచినప్పుడల్లా వెళ్తంది. ఒకసారి చుట్టాలింట్లో పెళ్లి పడితే, తలంబ్రాలయ్యాక బస్సెక్కి వచ్చీసింది, భోజనం కూడా చెయ్యకుండా. తను వెళ్లడమే కాదు, కాలనీలో ఆడోళ్లని లాక్కెళ్తంది. "గ్యాసా? ఏదీ, మెట్లెక్కి చూపించు" అంటాది. "పెళ్లాన్ని పంపరా, నువ్వెందుకురా?" అని మగాళ్లని మొహమ్మీదే అడుగుతంది. అటు లింగియాడీహ్ బస్తీ నించి కూడా ఆడోళ్లు మా ఇల్లు వెతుక్కుని వస్తన్నారు, పసుపు కొమ్ము కట్టీ ఆంటీ ఎవరు అనీసి. డాక్టరమ్మ ఇప్పుడు ఫోను నెంబర్లు అడిగితే ఇంటావిడదే అడుగుతంది. ఫోను లేనోళ్లకి పక్కింటావిడ నెంబరు. ఆ పిల్ల ఒక్కోసారి పొద్దుపోయీ దాకా తిండి కూడా తినదు. నేను డబ్బాలో పులిహోర పెట్టి పంపిస్తాను. అత్తా ఆవిడా కలిస్తే చూడాల, ఒకళ్లు చెప్పడం ఒకళ్లు వినడం. వైద్యం ఎవరు చేస్తన్నారో చెప్పలేం.

మొన్న ఆదివారం మా ఇంటికి చుట్టాలొచ్చారు. ముందుగదినిండా జనం. అత్త గారెలు వేస్తంది, నేను పిండి అందిస్తన్నాను. మందులు వేసుకుంటన్నా అప్పుడప్పుడూ వస్తాది నొప్పి, డాక్టరమ్మ ముందే చెప్పింది. గారె నూనెలోకి వదిలి, అత్త చిల్లుల గరిట పక్కన పెట్టీసి, పీట లాక్కుని కూచుంది. ఫ్రిజ్జు వైపు చూడలేదు. ఏం వెతకలేదు. గట్టిగా, ముందుగదిలోకి వినబడేలాగ అంది.

"నాకు గుండె నొప్పొస్తంది."

ముందుగదిలో ఒక్కరూ నవ్వలేదు. మావయ్య అందరికన్నా ముందొచ్చి నాలిక కింద మాత్ర పెట్టి, నేల మీద ఆవిడ పక్కనే కూచున్నాడు, ధోవతికి పిండి అంటుకున్నా చూసుకోకుండా. చుట్టాలంతా గుమ్మంలో. కాసేపటికి అత్త దవడ వదులైంది. కళ్లు తెరిచి అందరినీ ఒకసారి చూసింది.

"ఏటలాగ నించున్నారు? నూనెలో గారెలు మాడిపోతన్నాయి, ఎవరో ఒకరు తియ్యండి" అంది.

తీశారు. మావయ్యే తీశాడు. సగం మాడినవే తిన్నాం.